కారు పెట్రోల్ మూత ఏ వైపు? తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత కారు ఒక్కటే నడిపేవాళ్లకు ఈ ప్రశ్న పెద్దగా రాదు. నాలుగుసార్లు బంకుకు వెళ్తే చెయ్యి తనంతట తానే స్టీరింగ్‌ను సరైన వైపు తిప్పుతుంది. ఇబ్బందంతా బావగారి కారు తీసుకుని ఊరికి బయలుదేరినప్పుడు, అద్దె కారు తీసుకున్నప్పుడు, పాతది అమ్మి కొత్తది కొన్న మొదటి నెలలో. నన్ను చాలామంది అడిగినవీ, నేను చాలామందిని అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ రాశాను.

సీట్లోంచి దిగకుండా మూత ఏ వైపు ఉందో తెలుసుకోవడం ఎలా?

మీ ఎదురుగా స్పీడ్ చూపించే మీటర్ పక్కనే పెట్రోల్ ముల్లు ఉంటుంది. దాని దగ్గర చిన్న పెట్రోల్ పంపు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ పక్కన ఇంకా చిన్నగా, బియ్యపుగింజంత త్రికోణం కనిపిస్తుంది. అదే బాణం. అది ఎడమకు చూపిస్తే మూత ఎడమ వైపు, కుడికి చూపిస్తే కుడి వైపు. అంతే.

ఏళ్ల తరబడి కారు నడుపుతూ కూడా ఈ బాణాన్ని గమనించనివాళ్లు చాలామంది ఉన్నారు. అది వాళ్ల తప్పేమీ కాదు. కారు డెలివరీ ఇచ్చేటప్పుడు షోరూమ్‌వాళ్లు బ్లూటూత్ కలపడం నుంచి ఏసీ వరకూ అన్నీ చూపిస్తారు, దీన్ని మాత్రం ఎవరూ చూపించరు. ఒకసారి చూశాక ఇక మర్చిపోలేం. ఇప్పుడే కిందకి వెళ్లి మీ కారులో చూసి రండి.

చూశాను. మా కారులో బాణం లేదు. ఏం చేయాలి?

ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి మళ్లీ చూడండి. ముల్లు ఉన్న పాత రకం మీటర్లలో బాణం అచ్చువేసి ఉంటుంది, బండి ఆఫ్‌లో ఉన్నా కనిపిస్తుంది. మీటరంతా స్క్రీనే అయిన కొత్త కార్లలో బండి ఆన్ చేస్తేనే బొమ్మ, బాణం రెండూ వెలుగుతాయి. ఎండలో ఆ చిన్న త్రికోణం సరిగా ఆనదు, చెయ్యి అడ్డం పెట్టి చూడాలి.

అప్పటికీ లేకపోతే మీది పాత కారు అయివుండాలి. అలాంటప్పుడు కారు ఎక్కే ముందే వెనక చక్రాల పైభాగం ఒకసారి చూసుకోండి. మూత దాదాపు ఎప్పుడూ వెనక చక్రం పైన, కాస్త వెనగ్గా ఉంటుంది. ఎక్కేశాక గుర్తొస్తే రెండు పక్క అద్దాల్లో చూడండి. అద్దాన్ని కొంచెం లోపలికి తిప్పితే కారు వెనక పక్కభాగం కనిపిస్తుంది. కొన్ని కార్లలో మూత చుట్టూ ఉండే సన్నటి గీత అద్దంలో తెలుస్తుంది, కొన్నింటిలో తెలియదు. పక్కన ఎవరైనా ఉంటే కిటికీలోంచి తల బయటపెట్టి చూడమనండి, బండి ఆగి ఉన్నప్పుడు మాత్రమే.

అద్దె కారు తీసుకునేటప్పుడు గీతలు, సొట్టలు ఉన్నాయేమోనని ఎలాగూ చుట్టూ వీడియో తీస్తాం కదా. మూత ఉన్న వైపు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి తీయండి. దారిలో అనుమానం వస్తే ఫోన్‌లోనే దొరుకుతుంది.

పంపు బొమ్మలో పైపు ఏ వైపు వేలాడుతుంటే మూత ఆ వైపే ఉంటుందట కదా?

కాదు. ఈ మాట వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. చాలా కార్లలో ఆ బొమ్మకు పైపు కుడి వైపే గీసి ఉంటుంది, మూత ఎడమ వైపు ఉన్నా సరే. మూత కుడి వైపు ఉన్న కార్లలో అది కాకతాళీయంగా సరిపోతుంది. దాంతో నమ్మినవాళ్ల నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. పైపును వదిలేయండి, త్రికోణాన్నే నమ్మండి.

ఇలాంటిదే ఇంకో మాట, పొగగొట్టానికి ఎదురు వైపు మూత ఉంటుందని. దీనికి కొంత ఆధారం ఉంది. వేడెక్కే సైలెన్సర్, పెట్రోల్ లోపలికి దిగే గొట్టం ఒకదానికొకటి దూరంగా ఉండటం మేలు కాబట్టి చాలా డిజైన్లలో అవి చెరో వైపు వస్తాయి. కానీ అదేమీ రూలు కాదు. రెండు వైపులా పొగగొట్టాలున్న కార్ల సంగతేమిటి? పైగా సీట్లో కూర్చుంటే పొగగొట్టం కూడా కనిపించదు కదా.

ఎడమ, కుడి అంటే ఎవరి ఎడమ, ఎవరి కుడి?

చిన్న ప్రశ్నలా ఉంటుంది కానీ బంకుల్లో సగం గందరగోళం దీనివల్లే. మీరు డ్రైవర్ సీట్లో ముందుకు చూస్తూ కూర్చుంటే మీ ఎడమే కారుకు ఎడమ. కారుకు ఎదురుగా నిలబడి "ఇటు రండి, ఇటు రండి" అని పిలిచే కుర్రాడికి అది కుడి. అందుకే అనుభవమున్నవాళ్లు ఎడమ, కుడి అనరు. "డ్రైవర్ సైడా, క్లీనర్ సైడా?" అని అడుగుతారు. లారీలవాళ్ల దగ్గర్నుంచి వచ్చిన మాట. మన దగ్గర స్టీరింగ్ కుడి వైపు కాబట్టి డ్రైవర్ సైడంటే కుడి, క్లీనర్ సైడంటే ఎడమ. ఈ మాట ఎవరు ఎటు నిలబడి అన్నా మారదు. బంకులో ఎవరినైనా అడగాల్సి వస్తే, లేదా కారు ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయాల్సి వస్తే ఇలాగే అడగండి.

ఈ బాణం పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చింది?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. అమెరికాలో ఫోర్డ్ కంపెనీలో జిమ్ మోయ్లన్ అనే ఉద్యోగి ఉండేవారు. 1986లో ఒక వానరోజున కంపెనీ కారులో పెట్రోల్ కోసం ఆగారు. దిగాక చూస్తే మూత అటు వైపు ఉంది. వానలో తడిసిపోయారు.

ఇలా ఎందరు తడిసి ఉంటారు? తుడుచుకుని, విసుక్కుని, మర్చిపోయి ఉంటారు. ఆయన మర్చిపోలేదు. తిరిగి ఆఫీసుకు వెళ్లి ఒక మెమో రాశారు. పెట్రోల్ మీటర్ పక్కన మూత ఏ వైపు ఉందో చూపించే చిన్న గుర్తు పెడితే బాగుంటుందని అందులో సూచించారు. కంపెనీ ఆ సూచన తీసుకుంది. 1989 మోడల్ ఫోర్డ్ ఎస్కార్ట్, మెర్క్యురీ ట్రేసర్ కార్లలో ఆ బాణం వచ్చింది. తర్వాత మిగతా కంపెనీలూ ఒకటొకటిగా అందుకున్నాయి. చాలా ఏళ్లపాటు దీని వెనక ఎవరున్నారో బయట ఎవరికీ తెలియదు. 2018లో ఆ పాత మెమో సంగతి బయటికి వచ్చింది. అప్పట్నుంచి అమెరికాలో దాన్ని "మోయ్లన్ బాణం" అంటున్నారు.

కొత్త భాగం కొనక్కర్లేదు, వైరు లాగక్కర్లేదు, మీటర్ మీద ఎలాగూ అచ్చువేసే బొమ్మ పక్కన ఇంకొక్క త్రికోణం చాలు. అంత చిన్న పనికి లోకంలో ఇంతమందికి మేలు జరగడం నాకు ఎప్పుడు తలచుకున్నా సంతోషంగా ఉంటుంది.

మన రోడ్ల మీద కనిపించే కార్లలో ఏది ఏ వైపు?

మారుతి స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, బాలెనో, హ్యుందాయ్ ఐ10, ఐ20, క్రెటా, హోండా సిటీ, టొయోటా ఇన్నోవా, ఫార్చ్యూనర్, వీటన్నిటికీ ఎడమ వైపే, అంటే క్లీనర్ సైడు. ఫోక్స్‌వ్యాగన్ పోలో, వెంటో, స్కోడా ర్యాపిడ్, ఆక్టావియా లాంటివి కుడి వైపు, డ్రైవర్ సైడు. మెర్సిడెస్, ఆడీల్లోనూ ఎక్కువగా కుడి వైపే చూస్తాం.

గుర్తుపెట్టుకోవడానికి జపాన్, కొరియా కంపెనీలు ఎడమ, జర్మనీ కుటుంబం కుడి అనుకోవచ్చు. మన దగ్గర చాలావరకు పనిచేస్తుంది. కానీ దీని మీదే ఆధారపడి బంకులోకి తిప్పకండి. జపాన్ కంపెనీలే అయిన నిస్సాన్, సుబారు అమెరికాలో అమ్మే కార్లలో చాలావాటికి మూత కుడి వైపు ఉంటుంది. కంపెనీ పేరు కన్నా బాణమే నయం.

అన్ని కార్లకూ ఒకే వైపు పెట్టేస్తే గొడవ ఉండదు కదా?

ఏ వైపు పెట్టాలో చెప్పే చట్టం ఎక్కడా లేదు. కంపెనీ ఇష్టం. ఆ ఇష్టం వెనక ఒకటి కాదు, చాలా సంగతులు ఉంటాయి.

మొదటిది రోడ్డు. దారిలో పెట్రోల్ అయిపోయి క్యాన్‌తో తెచ్చి పోసుకోవాల్సి వస్తే, వాహనాలు దూసుకుపోయే వైపు నిలబడటం ప్రమాదం. రోడ్డు అంచు వైపు నిలబడేలా మూత ఉంటే మంచిది. జపాన్‌లో మనలాగే ఎడమ పక్కన నడుపుతారు, అక్కడ రోడ్డు అంచు ఎడమ వైపు. జర్మనీలో కుడి పక్కన నడుపుతారు, అక్కడ అంచు కుడి వైపు. ఆయా దేశాల కార్ల అలవాటుకు ఇదే మూలమని ఎక్కువమంది చెప్పే కారణం. అదే జర్మన్ డిజైన్ మన దగ్గరికి వచ్చినప్పుడు స్టీరింగ్‌ను కుడి వైపుకు మార్చారు కానీ మూతను కదపలేదు. దాంతో మన రోడ్డు మీద అది సరిగ్గా ట్రాఫిక్ వైపుకు వచ్చి కూర్చుంది. పోలో ఉన్నవాళ్లు హైవే పక్కన క్యాన్‌తో పోసేటప్పుడు నాలుగు ఇండికేటర్లూ కలిసి వెలిగే హజార్డ్ లైట్లు వేసి, ఎవరినైనా వెనక నిలబెట్టి పోయండి.

రెండోది కారు అడుగుభాగంలో చోటు. ట్యాంకు, సైలెన్సర్, సస్పెన్షన్, స్టెప్నీ, వీటన్నిటి మధ్యలోంచి పెట్రోల్ గొట్టం వంకర్లు తక్కువగా ట్యాంకులోకి దిగాలి. ఎటు ఖాళీ దొరికితే అటు. ఒక కంపెనీ ఒకే అడుగుభాగం మీద నాలుగైదు మోడళ్లు కడుతుంది కాబట్టి ఒకసారి ఎంచుకున్న వైపు వాటన్నిటికీ వచ్చేస్తుంది.

పక్కకు జారే తలుపులున్న వ్యాన్లకు ఇంకో చిక్కు ఉంది. తలుపు వెనక్కి జరిగితే తెరిచి ఉన్న మూతకు, అందులో పెట్టిన నాజిల్‌కు తగులుతుంది. అందుకే అలాంటి కొన్ని వ్యాన్లలో మూత తెరిచి ఉన్నంతసేపు ఆ వైపు తలుపు పూర్తిగా జరగకుండా అడ్డు పెడతారు. పిల్లలు తలుపు రావట్లేదని లాగుతుంటారు, లాగనివ్వకండి.

ఇంకో సంగతి. అన్ని కార్లకూ ఒకే వైపు ఉంటే బంకులో ప్రతి మెషీన్‌కూ ఒక పక్కే క్యూ కట్టాలి, రెండో పక్క ఖాళీగా ఉంటుంది. మూతలు రెండు వైపులా ఉండటం వల్ల క్యూలు కొంతైనా సర్దుకుంటాయి. బంకు రద్దీగా ఉన్నప్పుడు పోలో, స్కోడావాళ్లు ఖాళీగా ఉన్న పక్కకు హాయిగా వెళ్లిపోవడం మీరూ చూసే ఉంటారు.

తప్పు వైపు ఆపేశాను. పైపును కారు మీదుగా అటు లాగించుకోవచ్చా?

చాలా బంకుల్లో పైపు పొడవుగానే ఉంటుంది, చిన్న కారైతే అందుతుంది. ఆ కుర్రాళ్లు కూడా "పర్లేదు సార్, అందుతుంది" అంటారు. అయినా వీలైనంతవరకు వద్దనే చెబుతాను. పైపు బయట దుమ్ము, ఇసుక అంటుకుని ఉంటాయి. డిక్కీ మీద రాసుకుంటూ వెళ్తే సన్నటి గీతలు పడతాయి, నలుపు కారుకైతే ఎండలో స్పష్టంగా కనిపిస్తాయి. నాజిల్ కొసన మిగిలిన చుక్కలు పెయింట్ మీద పడతాయి. పడితే వెంటనే నీళ్లు చల్లి మెత్తటి గుడ్డతో తుడవండి, ఎండిపోనివ్వకండి. పైపు బిగుతుగా లాగితే నాజిల్ సరిగా కూర్చోదు, ఊరికే కట్ అవుతుంటుంది.

దాని కన్నా ముఖ్యమైనది ఇంకోటి. పొద్దున్నుంచి ఎండలో నిలబడి పనిచేసే మనిషి. ఆ బరువైన పైపును కారు చుట్టూ మోయించడం ఎందుకు? వెనక ఎవరూ లేకపోతే ఒక్క నిమిషం పట్టినా బండి తిప్పి ఆపండి.

పండగ రద్దీలో తిప్పుకునే చోటు కూడా ఉండదు. అప్పుడెలా?

ఇది నాకే జరిగింది. సంక్రాంతికి ముందురోజు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు, మా బావగారి కారులో. నాది స్విఫ్ట్, ఆయనది స్కోడా. పంతంగి టోల్‌గేటు దాటేసరికే రెండు గంటలు పోయింది. కొర్లపహాడ్ కూడా దాటాక సూర్యాపేట దగ్గర ఒక బంకులోకి తిప్పాను. ముందు పది కార్లు. అరగంట నిలబడి మెషీన్ దగ్గరికి చేరాను. నా అలవాటు ప్రకారం మెషీన్‌ను ఎడమ పక్కన పెట్టుకున్నాను. కుర్రాడు నాజిల్ తీసుకుని వచ్చి, కారును తడిమి చూసి, "అన్నా, మూత డ్రైవర్ సైడుంది" అన్నాడు.

మెషీన్‌కు అటు పక్క ఇంకో క్యూ. వెనక బస్సు. వెనక్కి తీయడానికి లేదు, ముందు కారు కదలలేదు. వెనక నుంచి హారన్లు. వెనక సీట్లో మా అత్తయ్య, పిల్లలు. నాకు చెమటలు పట్టాయి. చివరికి ఆ కుర్రాడే పైపు డిక్కీ మీదుగా తెచ్చాడు, కానీ మూత దాకా రాలేదు, జానెడు తక్కువైంది. ముందు కారు వెళ్లాక నేను రెండడుగులు ముందుకు జరిపి, బండిని మెషీన్‌కు బాగా దగ్గరగా తెచ్చి ఆపితే అప్పుడు అందింది. బాణం ఎదురుగా, నా కళ్ల ముందే వెలుగుతూ ఉంది. అరగంట క్యూలో కూర్చుని ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు.

కాబట్టి రద్దీలో చేయాల్సింది ఇది. బంకు బోర్డు కనిపించగానే, ఇండికేటర్ వేసే ముందు, బాణం చూడండి. లోపలికి వెళ్లాక క్యూ పొడుగు చూసి కాకుండా మీ మూత వైపు చూసి క్యూ ఎంచుకోండి. పొరపాటున చేరిపోతే, వెనక కారు రాకముందే దిగి బంకువాళ్లకు చెప్పండి. ముందే చెబితే దారి చేసి పంపిస్తారు, మెషీన్ దగ్గరికి వచ్చాక వాళ్లు మాత్రం ఏం చేయగలరు? అదీ కుదరకపోతే బండిని మెషీన్‌కు వీలైనంత దగ్గరగా, కాస్త ముందుకు ఆపండి. పైపు వెనక నుంచి చుట్టుకుని రావడానికి దూరం తగ్గుతుంది.

మూత తెరిచే లీవర్ ఎక్కడ ఉంటుంది? లీవర్ లాగినా తెరుచుకోకపోతే?

చాలా కార్లలో డ్రైవర్ సీటు పక్కన కింద నేల మీద, లేదంటే స్టీరింగ్ కింద ఉంటుంది. దాని మీద అదే పంపు బొమ్మ ఉంటుంది. సెడాన్‌లలో డిక్కీ లీవర్ కూడా పక్కనే ఉంటుంది, తొందరలో అది లాగి డిక్కీ తెరుస్తుంటాం. లీవర్ డ్రైవర్ వైపు ఉంది కాబట్టి మూత కూడా అటే అనుకోకండి, రెండింటికీ సంబంధం లేదు. కొన్ని కార్లలో లీవరే ఉండదు. డోర్లు అన్‌లాక్ చేసి మూత అంచు మీద వేలితో నొక్కితే బయటికి వస్తుంది.

లీవర్ లాగినా రాకపోతే మూత చుట్టూ మట్టి గట్టిపడి ఉండొచ్చు, లోపలి స్ప్రింగ్ బిగుసుకుని ఉండొచ్చు. ఒకరు లోపల లీవర్ లాగి పట్టుకుంటే ఇంకొకరు బయట మూతను అరచేత్తో మెల్లగా నొక్కి వదలాలి. ఎక్కువగా ఇలాగే వచ్చేస్తుంది. స్క్రూడ్రైవర్ దూర్చకండి, పెయింట్ లేచిపోతుంది. లీవర్ వదులుగా, బరువు లేకుండా కదులుతుంటే లోపలి తీగ తెగిందన్నమాట. చాలా కార్లలో డిక్కీ లోపల మూత ఉన్న వైపు గోడకు చిన్న తాడో, ప్లాస్టిక్ కొక్కెమో ఉంటుంది, అది లాగితే తెరుచుకుంటుంది. మీ కారులో ఉందో లేదో మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

పూర్వం కార్లలో మూత పక్కనే ఉండేదా?

ఎక్కడెక్కడో ఉండేది. అమెరికాలో 1960, 70లలో చాలా కార్లకు వెనక నంబర్ ప్లేటు వెనక దాచేవారు. ప్లేటును కిందికి వంచితే మూత కనిపించేది. అప్పుడు ఏ వైపు ఆపినా ఒకటే. కానీ వెనక నుంచి ఎవరైనా గుద్దితే పెట్రోల్ గొట్టం అక్కడే ఉంటుంది కాబట్టి ఆ పద్ధతి మెల్లగా పోయింది. 1956 షెవర్లేలో ఎడమ వెనక లైటు వెనకే మూత, లైటును తిప్పి తెరవాలి. 1968 మోడల్‌కు ముందు వచ్చిన పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు ఇంజిన్ వెనక, ట్యాంకు ముందు. పెట్రోల్ పోయాలంటే ముందు బానెట్ ఎత్తాల్సిందే. పాత జాగ్వార్ ఎక్స్‌జే కార్లకు రెండు ట్యాంకులు, రెండు వైపులా రెండు మూతలు. అటు నింపాక ఇటు నింపాలి.

సీఎన్‌జీ కార్లకు కూడా ఇదే బాణమా?

బాణం పెట్రోల్ మూతకే. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చిన కొన్ని కార్లలో గ్యాస్ వాల్వ్ పెట్రోల్ మూత పక్కనే ఉంటుంది, కొన్నింటిలో బానెట్ కింద ఉంటుంది. బయట బిగించిన కిట్ అయితే ఎక్కడ పెట్టారో బిగించినవాళ్లనే అడగాలి. సెకండ్ హ్యాండ్ సీఎన్‌జీ కారు కొనేటప్పుడు ఇది అడగడం మర్చిపోకండి. గ్యాస్ ఎక్కించేటప్పుడు అందరినీ దిగమంటారు, పిల్లలు నిద్రలో ఉన్నా లేపి దించాల్సిందే.

ఎలక్ట్రిక్ కారు?

పెట్రోల్ మూతకు వెనక వైపు అనే కట్టుబాటైనా ఉంది, చార్జింగ్ పోర్టుకు అదీ లేదు. ఎంజీ జడ్‌ఎస్ ఈవీ, హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్‌లకు ముందు ముక్కు మీద ఉంటుంది. టెస్లాకు వెనక ఎడమ లైటు దగ్గర. చార్జర్ కేబుల్ బంకు పైపులా సాగదు, చాలా బరువు కూడా. కాబట్టి ముందు పెట్టాలా, రివర్స్‌లో పెట్టాలా అనేది పార్కింగ్‌లోకి తిప్పే ముందే తేల్చుకోవాలి.

అమెరికా వెళ్తున్నాను, రెంటల్ కారు తీసుకుంటాను. ఏం గుర్తుంచుకోవాలి?

మొట్టమొదట "డ్రైవర్ సైడు" అర్థం మారిపోతుంది. అక్కడ స్టీరింగ్ ఎడమ వైపు, కాబట్టి డ్రైవర్ సైడంటే ఎడమ. మన దగ్గర క్యామ్రీకి మూత క్లీనర్ సైడని గుర్తుపెట్టుకుని అక్కడికి వెళ్తే తిరగబడుతుంది. మూత ఉన్నది అదే ఎడమ వైపు, కూర్చునే మనిషి మారాడు. అక్కడ క్యామ్రీ, కరోలా, అకార్డ్‌లకు ఎడమ, నిస్సాన్ అల్టిమా, రోగ్‌లకు కుడి. రెంటల్ కౌంటర్‌లో ఏది ఇస్తారో మనకు ముందు తెలియదు కాబట్టి తాళం చేతికి రాగానే బాణం చూసుకోండి.

రెండోది, అక్కడ దాదాపు అన్ని చోట్లా మనమే పోసుకోవాలి. న్యూజెర్సీలో మాత్రం 1949 నాటి చట్టం ప్రకారం బంకువాళ్లే పోస్తారు, మీరు పోసుకోకూడదు. ఎడిసన్‌లో బంధువుల ఇంట్లో ఉండి కారు తీసుకుంటే మన బంకులాగే ఉంటుంది, అక్కడి నుంచి పెన్సిల్వేనియాలోకి దాటగానే పంపు మీ చేతికి వస్తుంది. మిషన్ దగ్గర కార్డు పెడితే అక్కడి జిప్ కోడ్ అడగవచ్చు. మన కార్డుకు అది ఉండదు కాబట్టి లోపల కౌంటర్‌కు వెళ్లి ముందే డబ్బు కట్టి పోసుకోవడం తేలిక.

పోసేటప్పుడు మధ్యలో చలికి కారులోకి ఎక్కి కూర్చోకండి. సీటుకు బట్టలు రాసుకుని ఒంట్లో స్టాటిక్ చేరుతుంది, దిగి నాజిల్ పట్టుకుంటే నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది. ఎక్కాల్సే వస్తే, దిగాక ముందు కారు డోర్ ఇనుప భాగాన్ని ముట్టుకోండి. అయిపోయాక మూత బిరడా టక్‌టక్‌మని శబ్దం వచ్చేదాకా బిగించండి. వదులుగా ఉంటే మీటర్‌లో ఇంజిన్ లైటు వెలగవచ్చు. దాన్ని చూసి చాలామంది కారు పాడైందని కంగారుపడతారు, బిగించి కొన్ని రోజులు నడిపితే అదే పోతుంది.

కారు సరైన వైపే ఆపాను కానీ డీజిల్ కారులో పెట్రోల్ పోశారు. స్టార్ట్ చేయవచ్చా?

వద్దు. తాళం కూడా తిప్పకండి. ఇగ్నిషన్ ఆన్ చేసినా కొన్ని కార్లలో పంపు పనిచేయడం మొదలుపెట్టి తప్పుడు ఇంధనాన్ని ఇంజిన్ వైపు తోస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి నెట్టించి పక్కన ఆపి, మెకానిక్‌ను పిలిచి ట్యాంకు ఖాళీ చేయించాలి. డీజిల్ ఇంజిన్ లోపలి భాగాలకు డీజిలే నూనె లాంటిది, పెట్రోల్ ఆ జిడ్డును కడిగేస్తుంది, భాగాలు ఒకదానితో ఒకటి రాసుకుపోతాయి. అద్దె కారైతే మూత తెరిచేటప్పుడే లోపలి స్టిక్కర్ చదివి, "డీజిల్" అనో "పెట్రోల్" అనో గట్టిగా చెప్పండి. కుర్రాడు తిరిగి అదే మాట అనేదాకా ఆగండి.

నాజిల్ టక్కున ఆగిపోయాక ఇంకొంచెం పోయించుకోవచ్చా?

వద్దు. నాజిల్ కొసన చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోల్ పోస్తున్నంతసేపు దాంట్లోంచి గాలి లోపలికి పీలుస్తుంది. ట్యాంకులో పెట్రోల్ పైకి వచ్చి ఆ రంధ్రాన్ని మూసేయగానే గాలి ఆగుతుంది, లోపలి వాల్వ్ దానంతట అదే మూసుకుంటుంది. అంటే ట్యాంకు నిండిందని అది చెబుతోంది. పైన కొంచెం ఖాళీ ఉండాలి, ఎండకు పెట్రోల్ వ్యాకోచిస్తుంది. "రౌండ్ ఫిగర్ చేద్దాం సార్" అంటే వద్దని చెప్పండి.

కొత్తగా నేర్చుకుంటున్నాను. రోడ్డు మీద పర్లేదు కానీ బంకంటేనే టెన్షన్. ఏం చేయాలి?

మా అమ్మాయిదీ ఇదే మాట. లైసెన్సు వచ్చి ఆరు నెలలైనా బంకుకు మాత్రం నన్ను వెళ్లమనేది. వెనక బండ్లు, చుట్టూ టూవీలర్లు, అందరూ తననే చూస్తున్నట్టు ఉంటుందని.

ఒక ఆదివారం పొద్దున్నే ఏడింటికి ఖాళీ బంకుకు తీసుకెళ్లాను. లోపలికి వెళ్లే ముందు రోడ్డు పక్కన ఆపించాను. "బాణం ఎటుంది?" "ఎడమ." "అయితే మెషీన్ మనకు ఎటు ఉండాలి?" కాసేపు ఆలోచించి "ఎడమ" అంది. "వెనక చక్రం మెషీన్‌కు సమానంగా వచ్చేదాకా వెళ్లు, ముందు చక్రం కాదు" అన్నాను. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇదే. తాము కూర్చున్న సీటు మెషీన్ పక్కకు రాగానే ఆపేస్తారు, మూత ఇంకా వెనకే ఉంటుంది. రెండుసార్లు అటూ ఇటూ తిప్పి ఆపించాను. అక్కడి అమ్మాయి నవ్వి ఓపిగ్గా నిలబడింది.

మరుసటి వారం నేను ఇంట్లో ఉండగా తనే తాళాలు తీసుకుని వెళ్లింది. పావుగంటలో ఫోన్ చేసింది. "నాన్నా, బాణం చూసుకున్నా, ఒకేసారికి ఆపేశా. జీరో కూడా చూసుకున్నా. వెయ్యి రూపాయలకు కొట్టించా." వెనక నుంచి ఎవరో హారన్ కొట్టడం వినిపించింది. "ఉండు, బండి ముందుకు తీస్తా, వెనకవాళ్లు ఆగారు" అని పెట్టేసింది.